ఢిల్లీల నాలుగు రోజులు: పెద్దోళ్ళు, పిల్లలతోని ఏది ఎప్పుడు చూడాలె? (వరంగల్ నుంచి)

పోచమ్మమైదాన్:
అందరికీ నమస్తే. దసరా సెలవులల్ల ఢిల్లీ పోవాలని అనుకుంటున్నం. ఆరుగురం. నాయినకు 71, అమ్మకు 66, మేమిద్దరం, పిల్లలు 13, 9 ఏండ్లోళ్ళు. అమ్మకు మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. నాలుగు రోజులు పూర్తిగ చేతిల ఉంటయి. పిల్లలు ఎర్రకోట, కుతుబ్‌మినార్, ఇండియా గేట్, అక్షరధామ్ అంటున్నరు. నాయిన పార్లమెంటు, రాష్ట్రపతి భవన్ లోపటికి పోవాలంటున్నడు. శనివారం రైలెక్కి ఆదివారం దిగుదామని లెక్క వేసినం. ప్యాకేజీ టూర్ వద్దు. ఏ దినం ఏ దిక్కు పోవాలె, టికెట్లు ముందే తీసుకోవాల్నా, తెలిసినోళ్ళు వివరంగ చెప్పున్రి.

కాజీపేట_లూప్‌లైన్:
ముందు రైలు సంగతి తేల్చుకోండి, మిగతాదంతా దాని మీదనే ఆధారపడి ఉంటది.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ వరంగల్ స్టేషన్‌కు రాదు. హైదరాబాద్ నుంచి వచ్చి కాజీపేటల ఆగి అటునుంచే రామగుండం, మంచిర్యాల మీద బల్లార్ష దిక్కు పోతది. పొద్దున కాజీపేటల ఎక్కితే తెల్లారి పొద్దుగాల న్యూఢిల్లీల ఉంటరు. వరంగల్ స్టేషన్ల ఎక్కాలంటే విజయవాడ దిక్కునుంచి వచ్చే బండ్లు చూడాలె: తమిళనాడు ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ కాజీపేట మీదనే పోతది గని హజరత్ నిజాముద్దీన్‌ల ఆగిపోతది, రెండు రాత్రులు పడుతది. పెద్దోళ్ళతోని అది వద్దు.

రిజర్వేషన్ ప్రయాణం రోజును వదిలేసి 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకు తెరుస్తరు. దసరా సెలవుల బండ్లకు ఆ మొదటి నిమిషాలల్లనే బెర్తులు అయిపోతయి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే చేసి పెట్టుకోండి. అది లేని ఖాతాతోని బుకింగ్ తెరిచిన వెంటనే టికెట్ తీయనియ్యరు, మీ వంతు వచ్చేసరికి వెయిటింగ్ లిస్టే మిగులుతది.

ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. ఆరుగురికి ఒక్కటే టికెట్ తీస్తే కింది బెర్త్ కోటా వర్తించదు. మగవాళ్ళకు 60, ఆడవాళ్ళకు 45 దాటినోళ్ళు ఒక్కరు గాని ఇద్దరు గాని ఒక టికెట్ మీద ఉంటేనే ఆ కోటా. కాబట్టి అమ్మకు, నాయినకు కలిపి ఒక టికెట్ ఆ కోటాల తీయండి, మీ నలుగురికి ఇంకోటి మామూలుగ తీయండి. రెండు ఫోన్ల మీద ఒకేసారి చేయాలె. బోగీలు వేరైనా పర్వాలేదు గని అమ్మ పై బెర్త్ ఎక్కే పరిస్థితి రావద్దు.

ములుగురోడ్:
దసరాకు ఉక్క ఉంటదేమో. సంక్రాంతి సెలవులల్ల పెట్టుకోరాదు? ఎండ బాధ ఉండదు.

జంగ్‌పురా_తెలుగు:
సంక్రాంతికి అస్సలు వద్దు. మూడు కారణాలు. జనవరిల మంచు దట్టంగ పడి ఉత్తరాది రైళ్ళు గంటలకు గంటలు ఆలస్యమైతయి, పొద్దున పది దాకా కుతుబ్‌మినార్ పైకొన కూడా కనబడని రోజులుంటయి. రెండోది, జనవరి 26 పరేడ్ రిహార్సల్స్ అప్పటికే మొదలైతయి. కర్తవ్యపథ్, ఇండియా గేట్ చుట్టుపక్కల రోడ్లు బంద్ పెడుతరు. 29న బీటింగ్ రిట్రీట్ (రిపబ్లిక్ డే ముగింపు వేడుక) అయ్యేదాకా ఆ ప్రాంతం మామూలు స్థితికి రాదు. మూడోది, 66, 71 ఏండ్లోళ్ళకు ఆ చలి మంచిది కాదు.

దసరా సమయమే సరైంది. దీపావళి దాటితే గాలి పాడైతది, ఉబ్బసం ఉన్నోళ్ళకు ఊపిరాడదు. ఆగస్టుల పోయేటోళ్ళు కూడా గుర్తుంచుకోండి, 15వ తారీఖుకు ముందు కొన్ని రోజులు ఎర్రకోట మూసే ఉంటది.

ఇక అసలు మాట. ఢిల్లీ ప్లాన్‌ను చెడగొట్టేది సోమవారం. ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ (ప్రధానమంత్రుల మ్యూజియం), గాంధీ స్మృతి, రాష్ట్రపతి భవన్ మ్యూజియం అన్నీ సోమవారం బంద్. మీరు ఆదివారం దిగితే మొదటి రోజు అలసట, రెండో రోజు తాళాలు. సద్దుల బతుకమ్మ, దసరా రెండూ ఊర్లనే చేసుకొని జమ్మి పెట్టిన తెల్లారి బుధవారం ఎక్కండి. గురువారం దిగుతరు. గురు, శుక్ర, శని, ఆది నాలుగు రోజులూ అన్నీ తెరిచే ఉంటయి. తిరుగు ప్రయాణానికి తమిళనాడు ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి బండి తీసుకుంటే ఆదివారం కూడా పూర్తిగ దక్కుతది. సామాను న్యూఢిల్లీ స్టేషన్ క్లోక్‌రూంల పెట్టుకోవచ్చు, తాళం లేని బ్యాగు మాత్రం తీసుకోరు. చిన్న తాళాలు ఇంటికాన్నుంచే తెచ్చుకోండి.

ఒకవేళ సోమవారం తప్పకపోతే కుతుబ్‌మినార్, హుమాయూన్ సమాధి, తుగ్లకాబాద్ కోట, జంతర్ మంతర్, నేషనల్ వార్ మెమోరియల్, బంగ్లా సాహిబ్ గురుద్వారా ఆ రోజు పెట్టుకోవాలె. ఇవి తెరిచే ఉంటయి.

జంగ్‌పురా_తెలుగు:
రూం ఎక్కడ తీసుకోవాలన్నది కూడా ఇక్కడనే చెప్తున్న. అందరూ పహాడ్‌గంజ్ పోతరు, స్టేషన్ పక్కనే అని. మెట్రోకు దగ్గర చూసి తీసుకోవడం మేలు. ఊదా రంగు లైన్ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. లాల్ కిలా, జామా మస్జిద్, ఢిల్లీ గేట్ (రాజ్‌ఘాట్‌కు), మండీ హౌస్, జన్‌పథ్, సెంట్రల్ సెక్రటేరియట్, ఖాన్ మార్కెట్, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (హుమాయూన్ సమాధికి), కాల్కాజీ మందిర్ (లోటస్ టెంపుల్‌కు), ఇంకా కిందికి పోతే తుగ్లకాబాద్. మీరు చూసేటియి సగానికి పైగా ఈ ఒక్క లైన్ మీదనే ఉన్నయి. కుతుబ్‌కు పసుపు లైన్, అక్షరధామ్‌కు నీలం లైన్.

న్యూఢిల్లీ స్టేషన్ల దిగినంక ఏ దిక్కు బయటికి రావాలన్నది ముఖ్యం. 1వ నంబరు ప్లాట్‌ఫారం దిక్కు పహాడ్‌గంజ్, 16వ నంబరు దిక్కు అజ్మేరీ గేట్. మెట్రో అజ్మేరీ గేట్ దిక్కున ఉంది. తప్పు దిక్కు దిగితే సామానుతోని పాదచారుల వంతెన మొత్తం మళ్ళ దాటాలె, అమ్మకు కష్టం.

మెట్రోల కనీసం 11, గరిష్ఠం 64 రూపాయలు. ఒక స్మార్ట్‌కార్డు మీద ఒక్కరే పోవచ్చు, ఆరుగురికి క్యూఆర్ టికెట్లు ఫోన్లనే తీసుకోండి. గేటు దాటి లోపట మరీ ఎక్కువసేపు ఉంటే జరిమానా పడుతది. పిల్లలతోని స్టేషన్లల్ల కూసోని తినుకుంట ఆలస్యం చేయొద్దు. మొదటి బోగీ ఆడవాళ్ళది. చాకు లాంటి పదునైనవి సంచిల ఉంటే తనిఖీ కాడ ఆపొచ్చు.

మానేరుగట్టు:
మోకాళ్ళ నొప్పి ఉన్నోళ్ళకు ఏది కుదురుతది, ఏది కుదరదు అన్నది విడిగ చెప్పాలె. పోయినంక గేటు కాడ తెలిస్తే ఫాయిదా లేదు.

కుతుబ్ ఆవరణ దాదాపు చదును. అక్కడక్కడ రెండు మూడు మెట్లు, అంతే. అమ్మ హాయిగ తిరుగుతది. ఎర్రకోటల ఎక్కేదేం లేదు గని నడక చాలా ఉంటది. లాహోరీ గేటు నుంచి ఛత్తా చౌక్ బజారు, నౌబత్ ఖానా, దీవాన్-ఇ-ఆమ్, వెనక దీవాన్-ఇ-ఖాస్ దాకా పోయి రావడానికి మోకాళ్ళు మొరాయిస్తయి. టికెట్ కాడనే వీల్‌చైర్ అడగండి. లోపటికి పోయినంక అడిగితే మళ్ళ వెనక్కి నడవాలె.

హుమాయూన్ సమాధిల చిక్కు ఉంది. తోటంతా చదునే. సమాధి మాత్రం ఎత్తైన అరుగు మీద ఉంటది, దాన్ని ఎక్కే మెట్లు నిటారుగ, ఒక్కొక్కటి మామూలు మెట్టు కంటే బాగా ఎత్తుగ ఉంటయి. చేతికి పట్టుకునే ఆసరా తక్కువ. ఎక్కుడు కంటే దిగుడు కష్టం. అమ్మను కింద చెట్టు నీడన కూసోబెట్టి ఒకరు తోడుండండి. జామా మస్జిద్‌కు ఏ దిక్కునుంచైనా ముప్పైకి పైగా మెట్లు. పైన చెప్పులు విడవాలె, మిట్టమధ్యాన్నం రాయి కాలుతది, సాక్సులు వేసుకుంటే మంచిది. నమాజ్ సమయాలల్ల సందర్శకులను పోనియ్యరు, శుక్రవారం మధ్యాన్నం అసలు ఆ దిక్కే పెట్టుకోవద్దు.

ములుగురోడ్:
కుతుబ్‌మినార్ లోపట మెట్లెక్కి పైకి పోవచ్చా? పిల్లలు అదే అడుగుతరు.

మానేరుగట్టు:
పోనియ్యరు. లోపట 379 మెట్లున్నయి. 1981ల చీకట్ల తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయిండ్రు, చాలామంది బడిపిల్లలే. అప్పటినుంచి తలుపు మూసిండ్రు. పిల్లలకు ముందే చెప్పి తీసుకపోండి.

ఖుష్‌మహల్:
పైన చెప్పిన జాబితాలో వరంగల్ వాళ్ళు తప్పక చూడవలసినవి రెండు లేవు. ఢిల్లీ వెళ్ళే మనవాళ్ళలో నూటికి తొంభై మంది వాటి పక్కనుంచే వెళ్ళి చూడకుండా వస్తారు. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మొదటిది తుగ్లకాబాద్ కోట. 1321లో గియాసుద్దీన్ తుగ్లక్ మొదలుపెట్టించాడు. ఆయన కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి ఓరుగల్లు మీదికి వచ్చి సాధించలేక వెనక్కి వెళ్ళి, రెండోసారి వచ్చి 1323లో కోట పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీకి పంపాడు. కాకతీయ రాజ్యం అక్కడితో ముగిసింది. ఆ ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. అంటే మన రాజ్యాన్ని కూల్చిన దండు ఏ రాజధాని నుంచి వచ్చిందో, ఆ రాజధాని గోడలు ఇవి. కోట చుట్టుకొలత ఆరు కిలోమీటర్లకు పైనే. పిల్లలకు పాఠంలో ఒక్క వాక్యంగా ఉన్న సంగతి అక్కడ కళ్ళెదుట నిలబడుతుంది.

కోట ఎదురుగా మెహ్రౌలీ–బదర్‌పూర్ రోడ్డు దాటితే గియాసుద్దీన్ సమాధి. దాన్ని మాత్రం దగ్గరికి వెళ్ళి చూడండి. ఎర్రరాతి గోడలు నిలువుగా ఉండవు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. దాదాపు 75 డిగ్రీల వాలు. గోడ మొదట్లో నిలబడి చెంప ఆనించి పైకి చూస్తే ఆ వాలు స్పష్టంగా తెలుస్తుంది. ఇప్పుడు మన కోటలోని ఖుష్ మహల్‌ను గుర్తు చేసుకోండి. పక్క గోడలు అలాగే కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటాయి కదా. జనం దాన్ని షితాబ్ ఖాన్ మహల్ అంటారు. కట్టిన తీరును బట్టి చరిత్రకారులు దాన్ని తుగ్లక్‌ల కాలపు దర్బారు అంటారు. నా మట్టుకు ఆ రెండు గోడలూ పక్కపక్కన ఊహించుకుంటే వేరే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. వెళ్ళేముందు పిల్లలను ఒకసారి ఖుష్ మహల్‌కు తీసుకెళ్ళి ఫోటో తీసుకోండి, సమాధి దగ్గర ఆ ఫోటో తెరిచి పోల్చి చూపండి.

వెళ్ళేటప్పుడు జాగ్రత్తలు: కోటలో నీడ లేదు, తినేందుకు ఏమీ దొరకదు, కోతులు ఉంటాయి. మనిషికి లీటరు నీళ్ళు పట్టుకోండి. తినేవి చేతిలో పట్టుకుని నడవకండి. దారంతా రాళ్ళూ రప్పలూ, చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. అమ్మగారికి కోట వద్దు. సమాధి ఒక్కటే చూపండి. తుగ్లకాబాద్ పేరుతో ఉన్న మెట్రో స్టేషన్ కోటకు ఆనుకుని లేదు, అక్కడినుంచి మూడు నాలుగు కిలోమీటర్లు ఆటో తప్పదు. కుతుబ్ చూసి అదే మెహ్రౌలీ–బదర్‌పూర్ రోడ్డు మీద నేరుగా రావడం తేలిక. ఆటోను తిరిగి వెళ్ళేవరకు ఆపి ఉంచుకోండి, కోట దగ్గర ఖాళీ ఆటోలు తక్కువ.

రెండోది నిజాముద్దీన్ బస్తీలో ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తిలంగానీ సమాధి. ఆ "తిలంగానీ" మన తెలంగాణే. ఓరుగల్లు పతనమయ్యాక ఢిల్లీ చేరిన తెలుగు మనిషి, మతం మారి, ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరు అయ్యాడు. సుల్తాను దండయాత్రలకు పోతే రాజ్యం నడిపింది ఆయనే. ఢిల్లీలో ఎనిమిది పలకల సమాధులకు మొదటిది ఇదే. తర్వాత వచ్చిన సయ్యద్, లోదీ రాజుల సమాధులు ఈ నమూనా మీదే సాగాయి. లోదీ గార్డెన్‌లో కనిపించే ఎనిమిది పలకల సమాధులకు మూలం ఒక ఓరుగల్లు మనిషి గోరీ అన్నమాట. హుమాయూన్ సమాధి పక్కన ఇసా ఖాన్ సమాధి (1547) కూడా ఎనిమిది పలకలదే. ముందు దాన్ని చూసి తర్వాత దీని దగ్గరికి వస్తే పోలిక తెలుస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఇది టికెట్ పెట్టి చూపే స్మారకం కాదు. ఇరుకు గల్లీలో, ఇళ్ళ మధ్యలో చిక్కుకుని ఉంది. పాడుబడింది. జనం కాపురాలున్న చోటు గనుక అడిగి, నెమ్మదిగా చూసి రావాలి. వీల్‌చైర్ వెళ్ళదు.

జంగ్‌పురా_తెలుగు:
ఖుష్‌మహల్ గారు చెప్పినదానికి చేర్పు. మక్బూల్ కొడుకు జునాన్ షా కూడా తండ్రి తర్వాత వజీరైండు. ఆయన కట్టించిన ఖిర్కీ మస్జిద్ మాలవీయ నగర్ మెట్రోకు దగ్గరల ఉంది, పసుపు లైన్, కుతుబ్‌కు పోయే దారే. పైకప్పు 25 చదరాలు: తొమ్మిదింటి మీద తొమ్మిదేసి చిన్న గుమ్మటాలు, పన్నెండు చదును కప్పులు, నాలుగు ఆకాశానికి తెరిచిన వాకిళ్ళు. 13 ఏండ్ల పిలగానికి లెక్క అప్పజెప్పండి, 81 గుమ్మటాలు తేలాలె. గోడలకు రాతి జాలీ కిటికీలు, అందుకే ఆ పేరు.

రామప్ప_రాయి:
రాయి సంగతి వచ్చింది కాబట్టి ఇండియా గేట్ కాడ ఒకటి చూపించండి. గేటు వెనక ఛత్రి కింద నేతాజీ విగ్రహం ఉంది కదా, 28 అడుగులది. ఆ నల్ల గ్రానైట్ మన ఖమ్మం రాయి. 280 టన్నుల ఒక్కటే బండను 140 చక్రాల ట్రక్కు మీద 1,665 కిలోమీటర్లు తీసుకపోయిండ్రు. చెక్కినంక మిగిలిన విగ్రహం బరువు 65 టన్నులు. 2022 సెప్టెంబర్ 8న ఆవిష్కరించిండ్రు. అంతకు ముందు ఆ ఛత్రి 1968 నుంచి ఖాళీగనే ఉండె, ఐదో జార్జి బొమ్మ తీసేసినప్పటి నుంచి.

కుతుబ్‌ల ఇనుప స్తంభం కాడ కూడా ఆగాలె. 7.2 మీటర్ల పొడుగు, ఆరు టన్నులకు పైన బరువు, చంద్రగుప్త విక్రమాదిత్యుని కాలం. తుప్పు ఎందుకు పట్టలేదని పిల్లలు అడుగుతరు. జవాబు మంత్రం కాదు. ఆ ఇనుముల భాస్వరం ఎక్కువ. కొలిమిల బొగ్గుతోని తీసిన ఇనుముకు సున్నపురాయి వేయకపోతే భాస్వరం లోపటనే మిగిలిపోతది. అది గాలి, తేమతోని కలిసి పైన పల్చటి పొర కడుతది, ఆ పొర కింది ఇనుమును కాపాడుతది. స్తంభం మీద మనుషుల చేతులు పడి మెరిసిన పట్టీ చూడండి, కావలించుకునేటోళ్ళు ఎక్కువై 1997ల చుట్టూ కంచె కట్టిండ్రు. మన కోనసముద్రంల పాతకాలంల చేసిన ఉక్కు వేరు, ఇది వేరు. అది మూసల వండిన ఉక్కు, ఇది ముద్దలు ముద్దలుగ కొట్టి అతికిన ఇనుము. రెండూ కలిపి చెప్పొద్దు.

పోచమ్మమైదాన్:
ఇన్ని తెల్వనే తెల్వదు. బుధవారం ఎక్కుడే ఖాయం చేసినం. ఇంక అడగాల్సినవి: రాష్ట్రపతి భవన్, పార్లమెంటు లోపటికి ఎట్ల? అక్షరధామ్‌ల ఫోన్లు తీసుకుంటరట, నిజమేనా? టికెట్లకు మొత్తం ఎంతైతది?

లక్నెపల్లి:
రాష్ట్రపతి భవన్‌కు వాళ్ళ వెబ్‌సైట్లనే ముందుగ స్లాట్ తీసుకోవాలె, గేటు కాడ టికెట్ దొరుకుతదని పోవద్దు. ప్రధాన భవనం ఒక సర్క్యూట్, మ్యూజియం ఇంకో సర్క్యూట్, తలా 50 రూపాయలు. అక్కడి తోట అమృత్ ఉద్యాన్ ఎక్కువగ ఫిబ్రవరి, మార్చిలల్ల తెరుస్తరు, దసరాకు మామూలుగ ఉండదు. బుకింగ్‌ల రాసిన గుర్తింపు కార్డు అసలుది చేతిల ఉండాలె, జిరాక్స్ చెల్లదు. పేరు స్పెల్లింగ్ కార్డు మీద ఎట్లుంటే అట్లనే కొట్టండి. శనివారం పొద్దున గార్డు మార్పిడి వేడుక ఉంటది, గుర్రాల మీద రాష్ట్రపతి అంగరక్షకులు వస్తరు. సమయం కాలాన్ని బట్టి మారుతది, అదే వెబ్‌సైట్ల చూసుకోండి. మీ శనివారానికి ఇది సరిగ్గ కుదురుతది.

పార్లమెంటు కొత్త భవనం 2023 మే 28న ప్రారంభమైంది. సభ జరిగేటప్పుడు గ్యాలరీల కూసోవాలంటే ఎంపీ ద్వారా పాసు రావాలె. దసరాకు మామూలుగ సమావేశాలు ఉండవు. 2023 డిసెంబర్‌ల సభలోకి దూకిన ఘటన తర్వాత తనిఖీలు బాగా పెరిగినయి. నాయినకు ఆశ పెట్టకండి. బయటనుంచి కొత్త భవనం, పక్కన సంవిధాన్ సదన్ అయిన పాత గుండ్రటి భవనం చూపిస్తే చాలు.

దానికి బదులు తీన్ మూర్తిల ప్రధానమంత్రి సంగ్రహాలయకు తీసుకపోండి. లోక్ కల్యాణ్ మార్గ్ మెట్రో. మన నర్సంపేట కాడి లక్నెపల్లిల పుట్టి, వంగరల పెరిగిన పీవీ నరసింహారావు గారి భాగం అక్కడ ఉంది, 1991 ఆర్థిక సంస్కరణలతో సహా. మూడు గంటలు పట్టుద్ది, లిఫ్టులున్నయి, చల్లగ ఉంటది, పెద్దోళ్ళకు దీని కంటే మంచి మధ్యాన్నం లేదు. యమున ఒడ్డున ఏక్తా స్థల్‌ల పీవీ గారి స్మారకం కూడా 2015ల పెట్టిండ్రు. రాజ్‌ఘాట్ పోయినోళ్ళు అటు కూడా పోయి నమస్కారం పెట్టి రావాలె. ఆయన అంత్యక్రియలు ఢిల్లీల కాకుండా హైదరాబాద్‌ల జరిగినయి కదా, ఢిల్లీల ఈ గుర్తుంది.

మానేరుగట్టు:
అక్షరధామ్: ఫోను, కెమెరా, బ్యాగు, పవర్‌బ్యాంకు, స్మార్ట్‌వాచ్ ఏవీ లోపటికి పోవు. క్లోక్‌రూం ఉచితం గని ఆ వరుస, తర్వాత తనిఖీ వరుస కలిపి సెలవు రోజు గంట పట్టొచ్చు. ఫోన్లు, ఛార్జర్లు అన్నీ ఒకే చిన్న సంచిల వేసి ఒకరే ఇవ్వండి, మిగతా ఐదుగురు తనిఖీ వరుసల నిలబడండి. లోపట విడిపోతే ఫోన్ లేదు కాబట్టి ఫలానా గేటు కాడ, ఫలానా గంటకు అని ముందే అనుకోవాలె. చేతి గడియారం ఒకటి పెట్టుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలె. గుడి ప్రవేశం ఉచితం. ప్రదర్శనలకు, సాయంత్రం నీళ్ళ షోకు విడిగ టికెట్.

టికెట్ల ఖర్చు: పురావస్తు శాఖ కట్టడాలల్ల కుతుబ్, హుమాయూన్ లాంటి ప్రపంచ వారసత్వ కట్టడాలకు ఆన్‌లైన్‌ల 35, నగదైతే 40. తుగ్లకాబాద్ లాంటివాటికి 20, 25. పదిహేనేండ్ల లోపు పిల్లలకు ఉచితం, కాబట్టి మీకు నాలుగు టికెట్లే. ఎర్రకోటల మ్యూజియంలకు విడిగ. వార్ మెమోరియల్, రాజ్‌ఘాట్, గాంధీ స్మృతి, లోటస్ టెంపుల్ ఉచితం.

జంగ్‌పురా_తెలుగు:
టికెట్ క్యూఆర్ గేటు బయట బోర్డు మీద ఉంటది, గని జనం ఎక్కువైతే అక్కడ సిగ్నల్ సతాయిస్తది. రాత్రి రూంలనే తీసి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

తిండికి అశోకా రోడ్ల ఆంధ్రా భవన్ క్యాంటీన్. ఇండియా గేట్ నుంచి నడిచిపోయే దూరం. పప్పు, పచ్చడి, సాంబారు, అన్నం అడిగినంత పెడుతరు. ముందు కౌంటర్ల టోకెన్, తర్వాత వరుస. ఆదివారం బిర్యానీకి బారుడు క్యూ ఉంటది, పన్నెండున్నర లోపల పోతేనే కుర్చీ దొరుకుతది.

ఇంకోటి, మోసాల గురించి. స్టేషన్ బయట మెడల కార్డు వేసుకున్న మనిషి వచ్చి "మీ టికెట్ క్యాన్సిల్ అయింది, టూరిస్ట్ ఆఫీసుకు రండి" అంటే నమ్మొద్దు. ఆటో ఆయన "ఎర్రకోట ఈ రోజు బంద్, శాలువాల దుకాణం చూపిస్త" అన్నా అంతే. మీ టికెట్ మీద తారీఖు ఉంది, అది చూసి ముందుకు నడవండి. స్టేషన్ బయట ట్రాఫిక్ పోలీసుల ప్రీపెయిడ్ ఆటో బూత్ ఉంటది, రసీదు తీసుకొని, దిగినంకనే డ్రైవర్‌కు ఇవ్వండి.

పోచమ్మమైదాన్:
అందరు చెప్పింది కలిపి ఇట్ల రాసుకున్న. గురువారం దిగి, స్నానం, భోజనం, మధ్యాన్నం సంగ్రహాలయ, సాయంత్రం ఇండియా గేట్, వార్ మెమోరియల్. శుక్రవారం ఖిర్కీ మస్జిద్, కుతుబ్, తుగ్లకాబాద్. శనివారం గార్డు మార్పిడి, రాష్ట్రపతి భవన్ మ్యూజియం, మధ్యాన్నం నుంచి అక్షరధామ్. ఆదివారం ఎర్రకోట, రాజ్‌ఘాట్, హుమాయూన్, తిలంగానీ సమాధి, రాత్రి రైలు. తప్పులుంటే చెప్పున్రి.

లక్నెపల్లి:
ఆదివారం ఎర్రకోట తప్పు. స్థానిక జనమే కిటకిటలాడుతరు, వీల్‌చైర్ తోసే సందు ఉండదు. ఎర్రకోట, రాజ్‌ఘాట్, ఏక్తా స్థల్ గురువారం పెట్టుకొని సంగ్రహాలయను ఆదివారం పొద్దున చేయండి, లోపట కాబట్టి రద్దీ అంత తెల్వదు.

ఖుష్‌మహల్:
ఒప్పుకుంటాను, కానీ గురువారం రైలు ఆలస్యమైతే ఎర్రకోట హడావిడి అవుతుంది. పదకొండు గంటల లోపు రూంకు చేరితేనే అటు వెళ్ళండి, లేకపోతే మీరు రాసుకున్నదే ఉంచండి. ఎర్రకోటలో దీవాన్-ఇ-ఖాస్ ఒక్కటే చూసి వెనక్కి రావద్దు. నేతాజీ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద 1945–46లో విచారణ జరిగింది ఆ కోటలోనే, నేతాజీ మ్యూజియం అక్కడ ఉంది. సాయంత్రం ఇండియా గేట్ దగ్గర ఖమ్మం రాయి విగ్రహం చూసేసరికి పిల్లలకు రెండూ కలుస్తాయి.

శుక్రవారం వరుస కూడా మార్చండి. ఖిర్కీ మస్జిద్ చివరికి పెట్టుకోండి, అలిసిపోతే వదిలేయవచ్చు. పొద్దున తొమ్మిదికి ముందే కుతుబ్‌లో ఉండాలి, ఎండ ముదరకముందే గియాసుద్దీన్ సమాధికి చేరాలి.

రామప్ప_రాయి:
వార్ మెమోరియల్‌కు పొద్దూకడానికి గంట ముందు చేరండి. వలయాలుగ కట్టిన గోడల మీద గ్రానైట్ పలకలల్ల పాతిక వేలకు పైగా పేర్లున్నయి. ఫలానా పేరు ఎక్కడుందో వెతికే తెరలు కూడా పెట్టిండ్రు. 2020ల గల్వాన్ లోయల అమరుడైన మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు పేరు అక్కడ ఉంది. పిల్లలతోని వెతికించండి. సాయంత్రం జరిగే రిట్రీట్ కార్యక్రమానికి ముందు వరుసల నిలబడితేనే కనబడుతది. అమ్మను చివర కూసోబెట్టే తావు ముందే చూసుకోండి.

పోచమ్మమైదాన్:
సరే, మార్చుకున్న. రైలు సమయానికి వస్తే ఎర్రకోట, లేకపోతే సంగ్రహాలయ. తిలంగానీ సమాధికి ఆదివారం నాయినను, పెద్దోన్ని తీసుకపోత, అమ్మ, చిన్నోడు హుమాయూన్ తోటల ఉంటరు. టికెట్లు తెరిచే రోజు క్యాలెండర్ల గీత పెట్టినం. ఆధార్ ధ్రువీకరణ ఈ రాత్రే చేస్త.

కాజీపేట_లూప్‌లైన్:
ధ్రువీకరణకు ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబర్ మీదికే ఓటీపీ వస్తది. నాయిన పేరు మీద ఖాతా ఉంటే ఆయన ఫోన్ పక్కన పెట్టుకోండి. ఖాతాల పేరు, పుట్టిన తేదీ ఆధార్ల ఉన్నట్టే ఉండాలె, తేడా ఉంటే కుదరదు. దిద్దుబాటుకు రోజులు పడుతయి, ఈ వారమే చూసుకోండి.